వెంటిలేటర్ మీద ఉన్న బిడ్డ: గాజు తలుపు బయట అమ్మానాన్నలు అడిగే ప్రశ్నలు

నేను కాకినాడ వైపు పిల్లల ఐసీయూలో పనిచేస్తాను. అమలాపురం, రాజోలు, ముమ్మిడివరం, తాళ్ళరేవు, రామచంద్రపురం, మండపేట వైపు నుంచి వచ్చే కుటుంబాలు మా గాజు తలుపు బయట నిలబడి రోజూ అడిగే ప్రశ్నలివి. ఉదయం రౌండ్స్ అయ్యాక నేను చెప్పే జవాబులో సగమే వాళ్ళ చెవికెక్కుతుంది. ఆ టెన్షన్‌లో ఎవరికైనా అంతే. అందుకే తీరిగ్గా చదువుకునేలా రాసి పెట్టాను. మీ బిడ్డ సంగతి మాత్రం బిడ్డను చూస్తున్న డాక్టర్నే అడగండి. ఇక్కడి అంకెలు పట్టుకుని రాత్రి డ్యూటీ నర్సుతో గొడవ పెట్టుకోవద్దు.

కేస్ షీట్ మీద "లంగ్ ఇంజురీ" అని రాశారు. మా వాడు ఎక్కడా పడలేదండీ, ఛాతీకి దెబ్బ ఎలా తగిలింది?

దాదాపు ప్రతి కుటుంబం మొదట అడిగేది ఇదే. కొందరు ఇంట్లో ఎవరు కొట్టారా అని ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటారు కూడా. ఇది బయటి నుంచి తగిలిన దెబ్బ కాదు. ఊపిరితిత్తుల లోపల కోట్ల కొద్దీ చిన్న చిన్న గాలి గదులుంటాయి. ఒక్కో గది గోడ చాలా పలచని పొర. పొరకు ఇటు గాలి, అటు రక్తం. ఇన్ఫెక్షన్ వల్లో, నీళ్ళో కిరోసినో లోపలికి పోవడం వల్లో ఆ పొర వాచి పాడైతే, రక్తంలోని నీరు గాలి గదుల్లోకి కారుతుంది. కాలువ గట్టు తెగకపోయినా ఊటపట్టి పక్క చేను మునిగినట్టు అనుకోండి. గాలి ఉండాల్సిన చోట నీరు చేరాక ఆక్సిజన్ రక్తంలోకి వెళ్ళలేదు.

నెమ్ము చేసిందంటే మాకు తెలుసు. ఇప్పుడు ఏఆర్‌డీఎస్ అంటున్నారు. రెండూ ఒకటేనా?

నెమ్ము, అంటే న్యుమోనియా, కారణాల్లో ఒకటి. ఏఆర్‌డీఎస్, అంటే పైన చెప్పినట్టు ఊపిరితిత్తులు వాచి నీరు చేరి ఆక్సిజన్ అందకపోవడం, దాని పర్యవసానం. నెమ్ము చేసిన పిల్లల్లో ఎక్కువమంది మందులతో, కొద్దిపాటి ఆక్సిజన్‌తో ఇంటికి పోతారు. కొందరికి మాత్రం జబ్బు మొదలైన వారం లోపే రెండు ఊపిరితిత్తులూ వాచి, ఎక్స్‌రేలో నల్లగా కనిపించాల్సిన చోటు తెల్లబడుతుంది. ఈ పరిస్థితిని 1967లో డెన్వర్ డాక్టర్లు 12 మంది రోగుల్లో గమనించి మొదటిసారి వివరంగా రాశారు. పిల్లలకు విడిగా నిర్వచనం రావడానికి మాత్రం 2015 దాకా పట్టింది. పాలిక్ అనే అంతర్జాతీయ పిల్లల నిపుణుల బృందం దాన్ని తయారు చేసి, 2023లో సవరించింది. మేం నడిచేది ఎక్కువగా ఆ దారినే.

తీవ్రతను ఒక అంకెతో చూస్తాం. దాని పేరు ఆక్సిజినేషన్ ఇండెక్స్. వెంటిలేటర్ మిషన్ సగటున ఎంత ఒత్తిడి పెడుతోంది, ఎంత శాతం ఆక్సిజన్ ఇస్తోంది, అంత ఇచ్చినా రక్తంలోకి చేరింది ఎంత అన్నది ఈ లెక్క. సగటు ఒత్తిడి 15, ఆక్సిజన్ 60 శాతం, రక్తంలో ఆక్సిజన్ 60 ఉంటే, 15ని 60తో గుణించి 60తో భాగిస్తే 15 వస్తుంది. ఆ అంకె 16 గానీ, అంతకు మించి గానీ ఉంటే జబ్బు తీవ్రంగా ఉన్నట్టు. తెల్లవారుజామున రక్తం తీసేది ఎక్కువగా ఈ లెక్క కోసమే.

మా వైపు పిల్లలకు ఇది ఎందుకొస్తుంది?

అన్నిచోట్లా వచ్చే కారణాలే ముందు: వైరస్ జబ్బులు, న్యుమోనియా, ఒళ్ళంతా పాకిన ఇన్ఫెక్షన్, డెంగీ. డెంగీలో రక్తనాళాల నుంచి నీరు కారుతుంది, మనం సెలైన్ ఎక్కిస్తాం. జ్వరం దిగి కోలుకునే రోజుల్లో ఆ నీరంతా తిరిగి రక్తంలోకి వచ్చేటప్పుడు అదే ఊపిరితిత్తుల మీద పడొచ్చు. అందుకే డెంగీ బిడ్డకు సెలైన్ అటు తక్కువ కాకూడదు, ఇటు ఎక్కువ కాకూడదు.

ఇక మన నేల మీద ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది నీళ్ళ గురించి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి ఈ డెల్టాలో ఇంటి ముందే కాలువ, వెనకే బోదె. ఇప్పుడు వాటికి తోడు రొయ్యల చెరువులు వచ్చాయి. వాటికి ప్లాస్టిక్ షీటు పరిస్తే గట్టు జారుడుబల్లలా ఉంటుంది, లోపల పడిన పిల్లాడికి పట్టు దొరకదు. వేసవిలో కట్టేసిన కాలువలకు జూన్‌లో నీళ్ళు వదిలాక మునిగిన పిల్లలు మా దగ్గరికి రావడం మొదలవుతుంది.

ఒక్కమాట ఇక్కడే చెప్పాలి. మునిగిన బిడ్డను కాళ్ళు పట్టుకుని గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం ఇప్పటికీ చూస్తున్నాం. దానివల్ల పొట్టలోని నీళ్ళు, అన్నం ఊపిరితిత్తుల్లోకి పోతాయి తప్ప ఊపిరితిత్తుల్లోని నీరు బయటికి రాదు. ఊపిరి లేకపోతే ముందు నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదాలి, ఆ తర్వాత ఛాతీ నొక్కాలి, ఈలోగా ఎవరో ఒకరు 108కి ఫోన్ చేయాలి. తేరుకుని ఏడ్చిన బిడ్డనైనా ఆరు నుంచి ఎనిమిది గంటలు ఆస్పత్రిలో కనిపెట్టుకుని ఉండాలి. వాపు నెమ్మదిగా కూడా రావచ్చు.

రెండో సంగతి కూల్‌డ్రింక్ సీసాలు. పడవ ఇంజనుకో, చెరువులో ఏరేటర్ నడిపే ఇంజనుకో డీజిల్, రంగుల పనికి థిన్నర్ ఆ సీసాల్లో పోసి గుమ్మం పక్కన పెడతారు. రెండేళ్ళ పిల్లకు ఆ తేడా ఏం తెలుస్తుంది? తాగిన వెంటనే ఉప్పునీళ్ళో సబ్బునీళ్ళో పట్టించి కక్కించొద్దు. కడుపులోకి పోయిన దానికంటే కక్కేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోయేదే ప్రమాదం.

వెంటిలేటర్ పెట్టకుండా ఇంకో దారి లేదా?

ఉంటుంది, చాలామందికి ముందు అదే ప్రయత్నిస్తాం. ముక్కులో చిన్న గొట్టాలు పెట్టి, వెచ్చబెట్టి తేమ కలిపిన ఆక్సిజన్‌ను వేగంగా పంపే పద్ధతి ఒకటి. చిన్నపిల్లలకు కిలో బరువుకు నిమిషానికి ఒకటి నుంచి రెండు లీటర్ల దాకా ఇస్తాం. ముఖానికి మాస్కు బిగించి ఒత్తిడితో గాలి ఇచ్చే సీపాప్, బైపాప్ ఇంకో పద్ధతి. వీటితో కొందరు పూర్తిగా గట్టెక్కుతారు.

కానీ వీటికి గడువు పెట్టుకోవాలి. గంటా రెండు గంటల్లో ఆయాసం తగ్గి, గుండె వేగం దిగి, బిడ్డ కాస్త నిద్రపోతే మంచిది. అదే ఆక్సిజన్ 60 శాతం దాటినా డొక్కలు ఎగరేస్తూనే ఉంటే, కళ్ళు మూతలు పడుతుంటే, గొంతులో గొట్టం వేసి వెంటిలేటర్ పెట్టడమే మేలు. "ఇంకొక్క గంట చూద్దాం సార్" అని అమ్మానాన్నలు బతిమాలతారు. ఆ గంట బిడ్డదే, మనది కాదు. అలిసిపోయిన బిడ్డకు హడావుడిగా అర్ధరాత్రి గొట్టం వేయడం కన్నా, నలుగురు చేతికింద ఉన్నప్పుడు నెమ్మదిగా వేయడం ఎంతో క్షేమం.

వెంటిలేటర్ ఎక్కితే ఇక దిగడం లేదంటారు మా ఊళ్ళో. నిజమేనా?

కాదు. ఈ మాట ఎలా పుట్టిందో అర్థమవుతుంది. చివరి నిమిషంలో తెచ్చినవాళ్ళను వెంటిలేటర్ మీద పెడితే, పోయినప్పుడు ఊళ్ళో గుర్తుండేది వెంటిలేటరే. పెట్టడానికి ముందే ఎగశ్వాస మీద ఉన్నాడన్నది ఎవరికీ గుర్తుండదు. మా వార్డులో గొట్టం తీసేసి ఇడ్లీ తిని ఇంటికి పోయిన పిల్లలు ఎక్కువమంది. ఏ బిడ్డ ఎటు వెళ్తాడన్నది మాత్రం అసలు జబ్బును బట్టి, కిడ్నీ, గుండె లాంటి మిగతా అవయవాలు ఎన్ని దెబ్బతిన్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. అది మొదటి రోజే చెప్పగలనని ఎవరైనా అంటే నేను నమ్మను.

అసలు ఈ వైద్యమే ఒక పాపతో మలుపు తిరిగింది. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విరుచుకుపడి, పిల్లలు ఊపిరి ఆడక చనిపోతున్నారు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు 12 ఏళ్ళ పాప గొంతులో గొట్టం వేసి చేతి సంచితో గాలి ఊదాడు. ఆ పాప బతికింది. ఆ తర్వాత ఎన్నో వారాల పాటు వైద్య విద్యార్థులు వంతులవారీగా రోగుల మంచాల పక్కన కూర్చుని ఆ సంచులు పిసికారు. ఇప్పుడు మిషన్ చేసేది ఆ విద్యార్థుల పనే.

మరి ఆ మిషన్ జబ్బును నయం చేస్తుందా?

చేయదు. వెంటిలేటర్ మందు కాదు. యాంటీబయాటిక్ పనిచేయడానికి, వాపు దిగడానికి, ఒంటికి తీరిక దొరకడానికి కొన్ని రోజులు కొనిపెడుతుంది, అంతే. ఆ కొన్నిరోజుల్లో మిషనే కొత్త దెబ్బ కొట్టకుండా చూసుకోవడం మా పనిలో ముప్పావు వంతు. కింద చెప్పే జవాబులన్నీ దానిచుట్టూ తిరిగేవే.

ఎంత గాలి ఇస్తున్నారు? కొంచెం ఎక్కువ ఇస్తే తొందరగా కోలుకోడా?

ఇది మీకు బాగా తెలిసిన లెక్కతోనే చెబుతాను. పదెకరాల చేనుకు పెట్టే నీళ్ళు మూడెకరాల మీదికి వదిలితే ఏమవుతుంది? గట్లు తెగుతాయి. వాచిన ఊపిరితిత్తి కూడా అంతే. అందులో కొంతభాగం నీటితో నిండి మూతపడి ఉంటుంది, గాలి వెళ్ళేది మిగిలిన కొద్ది భాగంలోకే. పైకి చూస్తే నాలుగేళ్ళ పిల్లాడే గానీ, లోపల పనిచేస్తున్నది పసిబిడ్డ ఊపిరితిత్తి అంత. మామూలు నాలుగేళ్ళ పిల్లాడికి ఇచ్చే గాలి దానికిస్తే, మిగిలిన మంచి భాగం కూడా సాగి చిరుగుతుంది.

కాబట్టి కిలో బరువుకు ఆరు నుంచి ఎనిమిది మిల్లీలీటర్లు, ఊపిరితిత్తి మరీ గట్టిపడితే నాలుగు దాకా కూడా దిగుతాం. 16 కిలోల పిల్లాడికి కిలోకు ఆరు చొప్పున 96 మిల్లీలీటర్లు. అంటే టీకొట్టు చిన్న గ్లాసెడు గాలి, ఒక్కో ఊపిరికి. బొద్దుగా ఉన్న పిల్లలకు ఉన్న బరువును కాక, ఎత్తుకు తగ్గ బరువునే లెక్కలోకి తీసుకుంటాం. లావెక్కినంత మాత్రాన ఊపిరితిత్తి పెరగదు కదా. ఊపిరి నిండాక లోపలి ఒత్తిడి 28 సెంటీమీటర్ల నీటి ఎత్తు దాటకుండా, ఊపిరి మొదలుకీ చివరకీ మధ్య ఒత్తిడి తేడా 15 దాటకుండా చూస్తాం.

ఈ "తక్కువ గాలి" పద్ధతి మొదట పెద్దవాళ్ళలో రుజువైంది. 2000లో అమెరికాలో 861 మందితో చేసిన అధ్యయనంలో కిలోకు 12 ఇచ్చినవాళ్ళలో దాదాపు 40 శాతం చనిపోతే, ఆరు ఇచ్చినవాళ్ళలో 31 శాతం. విచిత్రమేమిటంటే, ఎక్కువ గాలి ఇచ్చినవాళ్ళ ఆక్సిజన్ అంకెలు మొదటి రోజుల్లో మెరుగ్గా ఉన్నాయి! అంకె బాగుంది, మనిషి బాగాలేడు. పిల్లల్లో అంత పెద్ద పరీక్ష జరగలేదు. అయినా సూత్రం అదే పట్టుకుని నడుస్తున్నాం.

నేనిది పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. చదువుకునే రోజుల్లో ఒక ఆస్పత్రిలో రాత్రి డ్యూటీలో, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 70 చూపిస్తోందని కంగారుపడి, ఒక పాపకు మిషన్ ఒత్తిడి పెంచుకుంటూ పోయాను. రెండింటికల్లా అంకె 50కి దిగింది. సంతోషించాను. తెల్లవారేసరికి కుడివైపు ఛాతీ ఉబ్బి, అటు ఊపిరి శబ్దం వినపడలేదు. ఊపిరితిత్తి చిరిగి గాలి ఛాతీలో చేరింది. పక్కటెముకల మధ్యనుంచి గొట్టం వేస్తే బుడగలు బుడగలుగా గాలి బయటికొచ్చింది. పాప బతికింది గానీ, మూడు రోజుల్లో దిగాల్సిన మిషన్ మీద రెండు వారాలుంది.

అంటే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువున్నా ఊరుకుంటారా?

కొంతవరకు ఊరుకుంటాం, తెలిసే. రక్తంలో ఆమ్లత్వం చూపే పీహెచ్ 7.20 దగ్గర ఉన్నా పిల్లలు సాధారణంగా తట్టుకుంటారు. తలకు దెబ్బ తగిలి మెదడులో ఒత్తిడి ఉన్న పిల్లలకు, గుండె-ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి బాగా ఎక్కువున్న పిల్లలకు ఈ సడలింపు లేదు.

పీప్ పెంచాం అన్నారు. పీప్ ఏమిటి?

తడిసిన పాలిథిన్ కవరు రెండు పొరలూ అంటుకుపోతే విడదీయడం ఎంత కష్టమో తెలుసుగా? మొదటిసారి తెరవడానికే బలమంతా. ఒకసారి తెరిచి కాస్త గాలి లోపల ఉంచితే మళ్ళీ అంటుకోదు. గాలి గదులూ అంతే. బిడ్డ ఊపిరి వదిలాక కూడా లోపల కొంత ఒత్తిడి మిగిల్చి, గదులు మూసుకోకుండా ఆపేదే పీప్. తీవ్రంగా ఉన్న బిడ్డకు 10 నుంచి 15 దాకా, ఒక్కోసారి ఆపైన కూడా అవసరమవుతుంది. పెంచినప్పుడల్లా బీపీ చూసుకోవాలి. ఛాతీలో ఒత్తిడి పెరిగితే గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. పిల్లల ఐసీయూల్లో పీప్ ఎక్కువ పెట్టడం కన్నా, భయపడి తక్కువ పెట్టడమే ఎక్కువగా జరిగే తప్పని నా అభిప్రాయం.

మానిటర్ మీద 90 చూపిస్తోంది. ఆక్సిజన్ పెంచరేం?

ఈ ప్రశ్నకు రోజుకు పదిసార్లు జవాబు చెబుతాను. కోవిడ్ వచ్చాక ఇంటింటికీ ఆక్సీమీటర్ వచ్చింది, 94 కంటే తగ్గితే ప్రమాదమని అందరి మనసుల్లో నాటుకుపోయింది. ఇంట్లో కూర్చున్నవాళ్ళకు ఆ లెక్క సరే. మిషన్ మీద ఉన్న బిడ్డకు లెక్క వేరు.

ఆక్సిజన్ కూడా మోతాదు మించితే ఊపిరితిత్తిని కాలుస్తుంది. జబ్బు మరీ తీవ్రంగా లేకపోతే 92 నుంచి 97 మధ్య చూసుకుంటాం. తీవ్రంగా ఉండి, పీప్ సరిగ్గా పెట్టాక కూడా అందకపోతే 88 నుంచి 92 మధ్య ఉన్నా ఒప్పుకుంటాం. ఇంగ్లండ్, స్కాట్లాండ్‌లలో 15 పిల్లల ఐసీయూల్లో 2,000 మందికి పైగా పిల్లల మీద చేసిన ఒక పెద్ద అధ్యయనం, అత్యవసరంగా వెంటిలేటర్ మీదికి వచ్చిన పిల్లలకు 88–92 లక్ష్యం పెట్టుకుంటే, 94 పైన ఉంచినదానికన్నా ఫలితం కాస్త మెరుగ్గానే ఉందని చెప్పింది. కాబట్టి 90 చూసి మేం కదలకుండా నిలబడితే అది నిర్లక్ష్యం కాదు. 90 నుంచి 80కి పడిపోతుంటే మీరు పిలవక్కర్లేదు, మిషనే అరుస్తుంది.

బాబును బోర్లా పడుకోబెట్టారు. ఊపిరాడక ఉన్నవాణ్ణి అలా పడుకోబెడతారా?

చూడ్డానికి భయంగానే ఉంటుంది. వెల్లకిలా పడుకుంటే గుండె, పొట్ట బరువు ఊపిరితిత్తి వెనక భాగం మీద పడి అది మూతపడుతుంది. ఎక్కువ ఊపిరితిత్తి ఉండేది వీపు వైపే. బోర్లా తిప్పితే ఆ భాగం తెరుచుకుంటుంది.

తిప్పడం మాత్రం చిన్న పని కాదు. అయిదుగురం కావాలి. తల దగ్గర నిలబడినవాళ్ళకు ఒకటే పని: గొట్టం. నాలుగేళ్ళ పిల్లాడికి పెదవి దగ్గర గొట్టం మీద 14 సెంటీమీటర్ల గీత ఉండాలి. తిప్పకముందు ఒకసారి "పద్నాలుగు" అని పైకి చదువుతాం, తిప్పాక మళ్ళీ చదువుతాం. పాలు రెండు గంటల ముందే ఆపి, పొట్టలోది లాగేస్తాం. కళ్ళకు మందు రాసి మూస్తాం. పిల్లాణ్ణి రెండు దుప్పట్ల మధ్య చపాతీ రోల్‌లా చుట్టి, ముందు మంచం అంచుకు జరిపి, తర్వాత పక్కకు, తర్వాత బోర్లా. ఎవరూ తొందరపడకూడదు, లెక్క పెట్టేది తల దగ్గరున్న ఒక్కరే. పొట్ట కిందికి గాలి ఆడేలా ఛాతీ కింద, నడుము కింద దిండ్లు పెడతాం. పదహారు గంటలో, అంతకంటే ఎక్కువో అలా ఉంచుతాం. రెండు గంటలకోసారి తల అటూ ఇటూ మారుస్తాం. తిరిగి వెల్లకిలా తిప్పినప్పుడు బుగ్గలు, కనురెప్పలు వాచి బిడ్డను గుర్తుపట్టలేక తల్లులు ఏడుస్తారు. ఆ వాపు ఒకటి రెండు రోజుల్లో దిగిపోతుంది.

పెద్దవాళ్ళలో 2013లో వచ్చిన ఫ్రెంచి అధ్యయనంలో ఇలా చేయడం వల్ల మరణాలు సగానికి తగ్గాయి. పిల్లల్లో 2005 నాటి అధ్యయనంలో అంత లాభం కనిపించలేదు. అందుకని అందరికీ చేయం, తీవ్రంగా ఉండి మిగతావేవీ చాలనివాళ్ళకు చేస్తాం.

చేతులు కట్టేశారు, మత్తిచ్చారు. మేం మాట్లాడితే వినపడుతుందా?

వినపడుతుందనే అనుకుని మాట్లాడండి. మత్తు లోతు రోజంతా ఒకేలా ఉండదు. "అమ్మమ్మ ఇంట్లో దూడ పుట్టింది" లాంటి ఇంటి కబుర్లు చెప్పండి. తల దగ్గర నిలబడి "ఏమైపోతాడో" అని ఏడవకండి, అదీ వినపడుతుంది. చేతులు కట్టింది గొట్టం పీక్కోకుండా. మత్తును అవసరానికి మించి ఇవ్వకుండా ప్రతిరోజూ తగ్గించే ప్రయత్నం చేస్తాం. మరీ లోతైన మత్తులో ఉంచితే కండరాలు చచ్చుబడి, మిషన్ దించడం ఆలస్యమవుతుంది. మొదటి ఒకటి రెండు రోజులు మాత్రం బిడ్డ ఊపిరికీ మిషన్ ఊపిరికీ పొంతన కుదరకపోతే కండరాలు కదలకుండా మందు ఇవ్వాల్సి రావచ్చు. అప్పుడు వేలు కూడా కదపడు. పక్షవాతం కాదు, మందు ఆపితే పోతుంది.

సెలైన్ ఆపేశారు, పాలు మాత్రం ముక్కులోంచి పోస్తున్నారు. బిడ్డ నీరసపడదా?

మొదట బీపీ పడిపోయి షాక్‌లో ఉన్నప్పుడు నీళ్ళు కావాలి. తర్వాత ఒంట్లో మిగిలే నీరు ఊపిరితిత్తుల్లోకే చేరుతుంది, అందుకే లోపలికి వెళ్ళినదీ మూత్రంగా బయటికొచ్చినదీ గంటగంటకూ రాసుకుంటాం. పాలు కుదిరితే ఒకటి రెండు రోజుల్లోనే మొదలుపెడతాం. తల్లిపాలు తాగే బిడ్డయితే పాలు పిండి ఇవ్వండి, మిగతావాళ్ళకు ఏం పోయాలో మేం చెబుతాం. కొబ్బరినీళ్ళు మాత్రం తేవద్దు. కోనసీమ వాళ్ళకు ఈ మాట చెప్పడం కష్టమే గానీ, అందులో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు సరిగ్గా పనిచేయని బిడ్డకు అది గుండె మీద పడుతుంది.

ఇంకా పెద్ద మిషన్ ఉందట, అక్కడికి తీసుకుపొమ్మంటారా?

నిమిషానికి వందలసార్లు గాలిని వణికించే ఆసిలేటర్ ఒకటుంది. పెద్దవాళ్ళలో 2013లో రెండు పరీక్షలు చేస్తే ఒకదాంట్లో లాభం లేదు, ఇంకోదాంట్లో నష్టమే కనిపించింది. పిల్లల్లో మామూలు మిషన్ చాలనప్పుడు కొన్నిచోట్ల వాడతారు. ఎక్మో అంటే రక్తాన్ని బయటికి తీసి ఆక్సిజన్ కలిపి తిరిగి పంపేది. అది కొద్దిచోట్లే ఉంటుంది, ఖర్చు, ప్రమాదం రెండూ ఎక్కువ. నిజంగా అవసరమైతే మేమే ముందుగా మాట్లాడతాం. పెద్ద ఊరు, పెద్ద మిషన్ అనగానే పరుగెత్తే ముందు, ఆ ప్రయాణాన్ని బిడ్డ తట్టుకుంటాడా అని అడగండి.

ప్రయాణమంటే గుర్తొచ్చింది. అమలాపురం నుంచి కాకినాడ తెచ్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

ఎదుర్లంక, యానాం మధ్య వంతెన లేని రోజుల్లో రేవు దాటి రావాల్సి వచ్చేది. ఆ బాధ ఇప్పుడు లేదు. వరదల్లో లంక గ్రామాల నుంచి గట్టు దాకా మాత్రం ఇప్పటికీ పడవే దిక్కు. అందుకే అక్కడివాళ్ళు ఒక రోజు ముందే బయల్దేరాలి అంటాను.

బయల్దేరే ముందు మూడు అడగండి: ఆక్సిజన్ సిలిండర్ దారి పొడవునా సరిపోయి ఇంకా మిగులుతుందా, బిడ్డ సైజు మాస్కూ, చేత్తో పిసికి గాలి ఊదే అంబు బ్యాగూ ఉన్నాయా, అవతల ఆస్పత్రిలో బెడ్, వెంటిలేటర్ ఖాళీ ఉన్నాయని ఫోన్లో డాక్టరుతో మాట్లాడారా. ఆయాసం బాగా ముదిరితే గొట్టం వేశాకే బయల్దేరడం మంచిది. దారిలో తాళ్ళరేవు దగ్గర ఆపి వేయలేం. బ్యాగు పిసికేవాళ్ళు కూడా కంగారులో ఎక్కువ పిసకకూడదు. పైన చెప్పిన టీగ్లాసు లెక్క దారిలో కూడా వర్తిస్తుంది. ఛాతీ కొంచెం లేస్తే చాలు.

ఖర్చు సంగతి?

ఆస్పత్రి కౌంటర్లో ఆరోగ్యమిత్ర ఉంటారు. ఆరోగ్యశ్రీ అని అందరం పిలిచేదాన్ని ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. కార్డు, ఆధార్ మొదటి రోజే చూపించండి. డిశ్చార్జ్ నాడు వెతుక్కోవద్దు.

గొట్టం ఎప్పుడు తీస్తారు?

"రేపు" అని మేం చెప్పం, చెప్పినా నమ్మకండి. జ్వరం, ఒత్తిడి, ఆక్సిజన్ అవసరం తగ్గి, బిడ్డ కళ్ళు తెరిచి, కఫం లాగే సక్షన్ పైపు పెట్టినప్పుడు గట్టిగా దగ్గగలిగితే, ప్రతిరోజూ ఒక పరీక్ష పెడతాం: మిషన్ సాయం బాగా తగ్గించి అరగంట నుంచి రెండు గంటలు తనంతట తాను ఊపిరి తీసుకోనిస్తాం. నెగ్గితే తీస్తాం. కొందరికి గొంతు వాచి ఉంటుంది, ముందుగా స్టెరాయిడ్ ఇస్తాం. తీశాక కొందరికి మళ్ళీ వేయాల్సి రావచ్చు. అది ఓటమి కాదు గానీ, మీకూ మాకూ ఆ రోజు అన్నం సహించదు.

ఇంటికెళ్ళాక ఏం గమనించాలి?

గొంతు కొన్నాళ్ళు బొంగురుగా ఉంటుంది. కాళ్ళు సన్నబడి నాలుగడుగులకే కూర్చుంటాడు. రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తాడు, తెల్లకోటు చూస్తే ఏడుస్తాడు. ఇవి ఎక్కువమందికి నెలల్లో సర్దుకుంటాయి. ఆగకుండా ఉంటే చెప్పండి, ఊరికే దిష్టి తీసి ఊరుకోవద్దు. దిష్టి తీయడానికి నాకు అభ్యంతరం లేదు, దాంతో పాటు మా దగ్గరికీ రండి. ఇంట్లో చుట్ట, బీడీ పొగ వద్దు. టీకాలు వెనకబడి ఉంటే పూర్తిచేయించండి. న్యుమోనియా టీకా ఇప్పుడు ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెలలో ప్రభుత్వమే ఉచితంగా వేస్తోంది.

మళ్ళీ జలుబు చేస్తే నిమిషం పూర్తిగా ఊపిరి లెక్కపెట్టండి, నిద్రలో ఉన్నప్పుడైతే మంచిది. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, అయిదేళ్ళ లోపు 40 గానీ ఆపైన గానీ ఉంటే చూపించాలి. డొక్కలు లోపలికి పీకుతున్నా, పాలు తాగకపోయినా, పెదాలు నీలంగా ఉన్నా లెక్కపెడుతూ కూర్చోవద్దు, బయల్దేరండి. పొట్ట మీద వాతలు పెట్టించి తెచ్చిన పసిబిడ్డలను ఇప్పటికీ చూస్తున్నాను. వాత వల్ల పోయేది ఆయాసం కాదు, సమయం.

మళ్ళీ కాలువలో ఈతకెళ్ళొచ్చా?

ఈ జాబితాలో పిల్లలే అడిగే ప్రశ్న ఇదొక్కటే. గొంతు బొంగురు తగ్గకముందే అడుగుతారు. డిశ్చార్జ్ అయిన నెలకు ఒకసారి, మూడు నెలలకు ఒకసారి చూస్తాం. మెట్లెక్కినా ఆయాసం రాకపోతే, మునిగినప్పుడు మెదడుకు ఏ ఇబ్బందీ రాలేదని తేలితే, ఈత వచ్చిన పెద్దవాళ్ళు నీళ్ళలోనే పక్కన ఉంటే, వెళ్ళొచ్చు. లాకుల దగ్గర, తూముల దగ్గర వద్దు. జూన్‌లో కాలువలకు నీళ్ళు వదలకముందే ఒకసారి తీసుకొచ్చి చూపించి వెళ్ళండి.